మాన్యువల్ ప్రకారమా, మనిషిని బట్టా? థెరపీ పద్ధతి ఎంచుకునే కౌన్సెలర్లకు ఒక పోలిక

ఒక కల్పిత కేసుతో మొదలుపెడదాం. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు, ఇంట్లోనే టైలరింగ్ చేస్తుంది. మూడు నెలలుగా సరిగా నిద్ర లేదు. ఒళ్ళు నొప్పులు, తల బరువు, మిషన్ ముందు కూర్చుంటే చేతులు ఆడవు. డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో స్కోరు 17. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. నెలకు రెండుసార్లకు మించి రాలేనంటుంది, వచ్చినప్పుడల్లా అత్తగారు వెంట ఉంటారు. "నాకు నరాల బలహీనత మేడం, దానికేదైనా చెప్పండి" అన్నది ఆమె మాట. మీ బల్ల మీదున్న సీబీటీ (ఆలోచనల, ప్రవర్తనల మార్పు మీద నడిచే థెరపీ) మాన్యువల్ చూస్తే వారానికొకటి చొప్పున పదహారు సెషన్లు, ప్రతిసారీ రాసుకురావాల్సిన హోంవర్క్, ఆలోచనలకూ ఉద్వేగాలకూ వేర్వేరు గడులున్న పట్టిక.

ఇలాంటి చోట కౌన్సెలర్లు రెండు రకాలుగా తప్పటడుగు వేస్తారు. కొందరు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నడిపిస్తారు. ఆమె మూడోసారి నుంచి రాదు, కేసు కాగితంలో "మోటివేషన్ లేదు" అని పడుతుంది. కొందరు "మన వాళ్ళకు ఇవన్నీ పనికిరావు" అని పుస్తకం పక్కన పెట్టి, ఓదార్చి, నాలుగు మంచి మాటలు చెప్పి, గాఢంగా ఊపిరి తీసుకోవడం నేర్పి పంపిస్తారు. ఆమె వస్తూనే ఉంటుంది, స్కోరు మాత్రం 17 దగ్గరే ఉంటుంది. పరిశోధన పేరుతో జరిగేది మొదటి తప్పు, మనిషి పేరుతో జరిగేది రెండోది. చికిత్సలో ఏ భాగం నయం చేస్తుందో, ఏది దాన్ని చుట్టి ఇచ్చిన కాగితమో విడదీయకపోవడం వల్లే రెండూ జరుగుతాయి.

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2005లో ఆమోదించిన నిర్వచనం ప్రకారం, ఆధారాల మీద నిలిచిన ప్రాక్టీసు అంటే దొరికిన వాటిలో మేలైన పరిశోధన, థెరపిస్టు నైపుణ్యం, క్లయింటు స్వభావం, సంస్కృతి, ఇష్టాయిష్టాలు అన్నీ కలిసినది. అందరూ తలూపే మాటే. ఇవి ఒకదానితో ఒకటి పడనప్పుడు దేన్ని వదులుకోవాలన్నదే మంగళవారం పొద్దున పదకొండు గంటలకు మీ ఎదురుగా కూర్చునే ప్రశ్న.

## పద్ధతి ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు

ఈ సమస్యకు ఒక పద్ధతి మిగతావాటి కన్నా స్పష్టంగా ముందుందా? అన్నిటికన్నా ముందు దీన్ని తేల్చుకోండి. డిప్రెషన్‌లో సీబీటీ, బిహేవియరల్ యాక్టివేషన్ (ఆగిపోయిన పనుల్ని మెల్లగా మళ్ళీ మొదలుపెట్టించే పద్ధతి), ఇంటర్‌పర్సనల్ థెరపీ (దగ్గరి సంబంధాల్లోని చిక్కుల మీద పనిచేసే పద్ధతి) దాదాపు ఒకే వరసలో నిలుస్తాయి. బ్రిటన్‌లో 2016లో వచ్చిన కోబ్రా పరీక్షలో 440 మందిని తీసుకున్నారు. పెద్దగా శిక్షణ లేని సిబ్బంది చేసిన యాక్టివేషన్, అర్హత పొందిన థెరపిస్టులు చేసిన సీబీటీకి తీసిపోలేదు. అలాంటి చోట క్లయింటు ఇష్టానికే పెద్దపీట వేయవచ్చు. ఓసీడీ (వదలని ఆలోచనలు, పదే పదే చేసే క్రియలు), నిర్దిష్ట ఫోబియాలు, పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం మిగిల్చిన మానసిక గాయం) అలా కావు. భయపడేదాన్ని ఎదుర్కొనే పని, జరిగినదాన్ని నేరుగా తాకే పని లేకుండా వీటిలో పెద్ద మార్పు ఆశించలేం. ఇక్కడ క్లయింటు ఇష్టం చికిత్స రూపాన్ని మార్చవచ్చు, సారాన్ని మార్చకూడదు.

ఆ పరిశోధన ఎవరి మీద జరిగింది? చాలా పరీక్షల్లో ఆత్మహత్య ఆలోచన తీవ్రంగా ఉన్నవారిని, మద్యం అలవాటున్నవారిని, రెండు మూడు సమస్యలు కలిసి ఉన్నవారిని ముందే పక్కన పెడతారు. మీ దగ్గరికి వచ్చేది వాళ్ళే. అంతమాత్రాన ఆ పరిశోధన చెల్లదని కాదు. ఎంత దూరం నుంచి అరువు తెచ్చుకుంటున్నారో తెలిసి ఉండాలంతే.

క్లయింటు ఏం కోరుతున్నారు? దీన్ని మర్యాద కోసం అడిగే ప్రశ్న అనుకోకండి. 2012లో 669 అధ్యయనాలను కలిపి చూస్తే దాదాపు ఐదుగురిలో ఒకరు థెరపీ మధ్యలో మానేస్తున్నారని తేలింది. 2018లో వచ్చిన మరో విశ్లేషణ ప్రకారం, కోరుకున్న తరహా చికిత్స దొరకనివారిలో మానేసే అవకాశం దొరికినవారి కన్నా 1.79 రెట్లు.

నిజంగా ఎన్ని సెషన్లు దొరుకుతాయి? మాన్యువల్ అడిగే సంఖ్య వేరు. బస్సు చార్జీలు, పోయే కూలి, పిల్లల బడి, వెంట ఎవరో ఒకరు రావాల్సిన అవసరం అన్నీ లెక్కేస్తే మిగిలే సంఖ్య వేరు. మొదటి రోజే నోరు తెరిచి అడగండి.

మీకు ఏది వచ్చు? రెండు రోజుల వర్క్‌షాపుతో నేర్చుకున్న ఈఎండీఆర్ (కళ్ళ కదలికలు వాడే పీటీఎస్‌డీ చికిత్స) కన్నా, పర్యవేక్షణలో పది కేసులు చేసిన యాక్టివేషన్ మీ క్లయింటుకు మేలు.

దారి తప్పితే మీకు ఎప్పుడు తెలుస్తుంది? తెలుస్తుందిలే అనుకుంటాం. తెలియదు. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 550 మంది క్లయింట్లలో ఎవరి పరిస్థితి దిగజారుతుందో ముందే చెప్పమని థెరపిస్టులను అడిగారు. వాళ్ళు చెప్పింది ముగ్గురి పేర్లు. నిజానికి దిగజారింది 40 మంది. ఆ ముగ్గురిలో సరిపోయింది ఒక్కరే.

## ఐదు దారులు

| దారి | ఎక్కడ నప్పుతుంది | మీ వైపు ఏం కావాలి | ఎక్కడ చెడుతుంది |
|---|---|---|---|
| మాన్యువల్ అక్షరాలా | ఒకే సమస్య, చదువుకున్న క్లయింటు, వారం వారం రాగలిగితే. శిక్షణలో ఉన్నవారికి | మాన్యువల్, సూపర్‌వైజర్ | సంబంధం బెసికినప్పుడు ఇంకా గట్టిగా పట్టుకుంటే |
| సారం ఉంచి రూపం మార్చడం | ఎక్కువ మందికి | పనిచేసే భాగం ఏదో కచ్చితంగా తెలియడం | సడలింపు పేరుతో కష్టమైన భాగమే జారిపోతే |
| మాడ్యూళ్ళు | పిల్లలు, ఒకేసారి రెండు మూడు సమస్యలు | మూడు నాలుగు పద్ధతుల్లో పట్టు | ప్రతి వారం మాడ్యూల్ మారిస్తే |
| కలగలుపు | చాలా అనుభవం ఉన్నవారికి, రాసుకున్న కేసు విశ్లేషణతో | ఏది ఎందుకో ముందే రాసే అలవాటు | ఏదీ సరిపడా మోతాదులో అందకపోతే |
| సంబంధమే ప్రధానంగా | తేలికపాటి డిప్రెషన్, దుఃఖం, జీవితంలో మలుపులు | ఓపిక, మంచి శ్రవణం | ఓసీడీ, ఫోబియా, పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయం) వస్తే |

### మాన్యువల్ అక్షరాలా

కొత్తవారికి దీన్నే సిఫారసు చేస్తాం, మొదటి ఐదారు కేసుల వరకైనా. అసలు రూపం చేతికి రాకుండా మార్పులు చేస్తే, చెడింది చికిత్సో మీ మార్పో ఎప్పటికీ తేలదు.

దీని పరిమితి కూడా పరిశోధనే చెప్పింది. 2010లో 36 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, థెరపిస్టు మాన్యువల్‌కు ఎంత కట్టుబడ్డారన్నదానికీ ఫలితానికీ మధ్య సహసంబంధం 0.02, అంటే దాదాపు సున్నా. అదే థెరపిస్టుకూ క్లయింటుకూ మధ్య కుదిరిన పొత్తు చూడండి. 2018లో 295 అధ్యయనాలను కలిపిన విశ్లేషణలో అది 0.28 దాకా వచ్చింది. ఇంకా చురుక్కుమనిపించేది 1996 నాటి ఒక పరిశీలన. క్లయింటు చికాకు పడినప్పుడు, నమ్మకం సడలినప్పుడు కొందరు థెరపిస్టులు ఆ చికాకునే తప్పు ఆలోచనగా తీసుకుని, పట్టికను మరింత పట్టుదలగా నింపించారు. ఫలితం అక్కడే చెడింది. కాబట్టి మాన్యువల్ దారిలో ఉన్నవారికి ఒక మినహాయింపు తప్పనిసరి: క్లయింటు ముఖం మాడితే ఆ రోజు ఎజెండా ఆపేయండి. "నేను ఇందాక అన్నది మీకు నచ్చినట్టు లేదు, చెప్పండమ్మా" అని అడగండి. పదిహేను నిమిషాలు పోతే పోనివ్వండి.

### సారం ఉంచి రూపం మార్చడం

మా మొగ్గు దీనివైపే, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతున్నాం. ముందుగా ఏది కదిలించకూడదో ఒక కాగితం మీద రాసుకోవాలి. బిహేవియరల్ యాక్టివేషన్‌లో కదిలించకూడనివి రెండు: రోజులో చేసిన పనికీ మనసు స్థితికీ లంకె గమనించడం, తప్పించుకుంటున్న పనుల్ని చిన్న ముక్కలుగా మళ్ళీ మొదలుపెట్టడం. ఓసీడీకి చేసే ఈఆర్‌పీలో భయాన్ని ఎదుర్కోవడం, ఆ తర్వాత అలవాటైన క్రియ చేయకుండా ఉండటం. పానిక్‌లో గుండెదడ లాంటి శారీరక అనుభూతులకు కావాలని ఎదురెళ్ళడం. మిగతావన్నీ మార్చుకోవచ్చు: కాగితం, భాష, ఉదాహరణలు, సెషన్ నిడివి, ఎవరు కూర్చుంటారు, ఎక్కడ కూర్చుంటారు.

ఇలా మార్చి నెగ్గిన చికిత్సలకు దక్షిణాసియాలోనే మంచి ఉదాహరణలున్నాయి. గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నడిపిన హెల్తీ యాక్టివిటీ ప్రోగ్రామ్ ఫలితాలు లాన్సెట్‌లో 2017లో వచ్చాయి. చికిత్స చేసింది సైకాలజీ డిగ్రీ లేని స్థానిక కౌన్సెలర్లు. ఒక్కొక్కటి 30 నుంచి 40 నిమిషాల చొప్పున ఆరు నుంచి ఎనిమిది సెషన్లు, మధ్యలో యాక్టివేషన్ సారం చెక్కుచెదరకుండా ఉంది. మూడు నెలలకు స్కోరు పదికి దిగువకు వచ్చినవారు ఈ చికిత్స అందినవారిలో 64 శాతం, మెరుగుపరచిన సాధారణ వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం.

పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాల్లో బాలింతల డిప్రెషన్ మీద పనిచేసిన థింకింగ్ హెల్తీ ప్రోగ్రామ్ మరో అడుగు ముందుకేసింది. "నీకు మానసిక సమస్య" అంటూ గడప తొక్కితే ఏ అత్తగారూ లోపలికి రానివ్వరు. అందుకని ఆరోగ్య కార్యకర్తలు బిడ్డ ఆరోగ్యం పేరుతో వెళ్ళి, సీబీటీ మెళకువలనే తల్లీబిడ్డల సంగతిగా చెప్పారు. ఆరు నెలలకు చికిత్స అందిన తల్లుల్లో 23 శాతం మందిలోనే డిప్రెషన్ మిగిలింది, మామూలు సందర్శనలు మాత్రమే అందినవారిలో 53 శాతం మందిలో. అక్కడ మారినవి పేరు, గడప దాటే దారి, బొమ్మలు. చికిత్స మారలేదు.

ఇప్పుడు మన టైలరింగ్ కేసు. ఏ మార్పు సాగుతుందో, ఏది సాగదో ఒక్కొక్కటీ చూద్దాం.

*నరాల బలహీనత.* ఈ మాటను ఖండించకండి. సాంస్కృతికంగా మార్చిన చికిత్సలపై 2011లో వచ్చిన విశ్లేషణలో ఫలితాన్ని పెంచిన మార్పు ఒకటే తేలింది: జబ్బు గురించి క్లయింటుకున్న వివరణకు తగ్గట్టు థెరపిస్టు తన వివరణను మలచుకోవడం. "నిద్ర లేక, తిండి తగ్గి, బెంగతో ఒంట్లో సత్తువ పోయింది. సత్తువ పోయిందని పని ఆపారు, పని ఆగేసరికి బెంగ పెరిగింది. ఈ చుట్టును ఒకచోట తెంపుదాం" అంటే ఆమె మాటా నిలుస్తుంది, యాక్టివేషన్ సూత్రమూ నిలుస్తుంది. అయితే నిస్సత్తువకు నిజంగానే రక్తహీనతో థైరాయిడో కారణమై ఉండవచ్చు. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించకుండా అంతా మనసు మీదికి నెట్టడం పొరపాటు. స్కోరు 15 దాటింది కనుక సైకియాట్రిస్టుకు ఒకసారి చూపించి, మందుల సంగతి ఆమెతోనే మాట్లాడాలి.

*రాతపని.* రాయమనకండి. క్యాలెండర్‌లో రోజుకో గుర్తు చాలు: పని చేసి మనసు కాస్త తేలికైతే చుక్క, ఏమీ చేయకపోతే అడ్డగీత. ఫోనుంటే రాత్రి ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్. పుస్తకంలో "నచ్చిన పనులు" కింద జిమ్, విహారయాత్ర ఉంటే కొట్టేయండి. మొదటి వారానికి ఒక జాకెట్టుకు హుక్సులు కుట్టడం, సాయంత్రం వాకిట్లో పది నిమిషాలు కూర్చోవడం చాలు. అన్నట్టు, ఈ దశలో సామెతలు వాడకండి. "మనసుంటే మార్గముంటుంది" అన్న మాట ఆమె ఇంట్లో ఇప్పటికే వందసార్లు విని ఉంటుంది.

*నెలకు రెండుసార్లే రావడం.* సారాన్ని తాకే మార్పు ఇది, తేలిగ్గా ఒప్పుకోకండి. నెదర్లాండ్స్ నుంచి 2020లో వచ్చిన అధ్యయనంలో డిప్రెషన్‌కు వారానికి రెండు సెషన్లు జరిగినవారు, వారానికొకటి జరిగినవారి కన్నా బాగా కోలుకున్నారు. మొత్తం ఎనిమిదే దొరికితే నాలుగు నెలల పొడవునా సమంగా పరచకండి. మొదటి మూడు వారాల్లో నాలుగు, తర్వాత రెండు వారాలకొకటి చొప్పున మిగతా నాలుగు పెట్టండి. మధ్యలో పది నిమిషాల ఫోను, కొత్త విషయాలేమీ లేకుండా "అనుకున్న పని జరిగిందా, ఏది అడ్డొచ్చింది" వరకే.

*అత్తగారు.* బయట కూర్చోమంటే మళ్ళీ ఇద్దరూ రాకపోవచ్చు. లోపలే ఉంచితే కోడలు నోరు విప్పదు. మొదటి పది నిమిషాలు ఇద్దరితో, మిగతా సమయం ఆమెతోనే అన్న పద్ధతి మొదటి రోజే పెట్టండి. "ఇక్కడ అందరికీ ఇలాగే చేస్తామండి" అంటే ఎవరికీ చిన్నతనం ఉండదు. అత్తగారికి ఒక పని అప్పగించండి, ఉదాహరణకు సాయంత్రం వాకిట్లో కూర్చునేటప్పుడు తోడుండటం. కోడలు చెప్పినవి ఆమె అనుమతి లేకుండా అత్తగారి చెవిన వేయకండి. గోప్యత మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ఇచ్చిన హక్కు.

ఇక సాగని మార్పు. "పనుల సంగతి తర్వాత చూద్దాం మేడం, ముందు మనసు బాగుపడనివ్వండి" అని ఆమె అంటే, సరేనని పనులను వాయిదా వేయడం. యాక్టివేషన్ మొత్తం దీనికి ఎదురు దిశలో ఉంది. పనిని ఐదు నిమిషాలకు కుదించండి, పూర్తిగా తీసేయకండి.

ఓసీడీలో ఈ గీత ఇంకా సన్నం. మడి, అంటు పాటించే ఇంటి నుంచి వచ్చినావిడ రోజుకు ఐదుసార్లు స్నానం చేస్తుంటే, ఈఆర్‌పీ పేరుతో మడే మానేయమంటే రెండో సెషన్ ఉండదు, ఉండకూడదు కూడా. ఆ ఇంట్లో మిగతావారు ఎన్నిసార్లు, ఎంతసేపు చేస్తారో అడగండి. వాళ్ళు ఒకసారి ఇరవై నిమిషాలు చేస్తే అదే గమ్యం. ఐదు నాలుగవ్వాలి, నాలుగు మూడవ్వాలి. ఆచారం నిలుస్తుంది, ఆచారం మీద జబ్బు కట్టిన అంతస్తు కూలుతుంది. అవసరమైతే వాళ్ళు గౌరవించే పురోహితుణ్ణి "ఇంతకు మించి శాస్త్రం అడుగుతుందా" అని ఒక్కసారి అడగమనండి. ఒక్కసారే. పదే పదే అడగడం మొదలైతే ఆ అడగడమే కొత్త క్రియ అయి కూర్చుంటుంది.

### మాడ్యూళ్ళు

పెద్ద మాన్యువల్‌ను విడి ముక్కలుగా చేసి, ఈ క్లయింటుకు ఈ వారం ఏది కావాలో దాన్ని వాడటం. పిల్లల విషయంలో దీనికి బలమైన ఆధారం 2012 నాటి అమెరికా పరీక్ష. ఆందోళన, డిప్రెషన్, ప్రవర్తన సమస్యలున్న 7 నుంచి 13 ఏళ్ళ పిల్లలు 174 మంది. మాడ్యూళ్ళు వాడిన థెరపిస్టుల దగ్గర పిల్లలు మామూలు చికిత్స కన్నా త్వరగా కోలుకున్నారు. మాన్యువళ్ళను వరుసగా నడిపినవారి దగ్గర మామూలు చికిత్సతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో పనిచేసే కౌన్సెలర్లకు ఇది బాగా పనికొస్తుంది. అక్కడ స్టడీ అవర్ల మధ్య దొరికేది ఇరవై నిమిషాలు. నిద్ర ఒక మాడ్యూల్, పరీక్ష భయానికి ఎదురెళ్ళడం ఒకటి, తల్లిదండ్రులతో మాట్లాడటం ఒకటి. షరతు ఏమిటంటే, ఒక మాడ్యూల్ మొదలుపెడితే దాన్ని ముగించాకే ఇంకోటి. మొన్న రాత్రి నాన్నతో గొడవైందని వచ్చిన ప్రతిసారీ దారి మార్చితే నెల తిరిగేసరికి ఐదు మాడ్యూళ్ళు తెరిచి ఉంటాయి, ఒక్కటీ పూర్తయి ఉండదు.

### కలగలుపు

"నేను ఎక్లెక్టిక్" అని చెప్పుకునేవారే ఎక్కువ. అందులో తప్పేమీ లేదు, మీ కేసు కాగితం "ఈ క్లయింటుకు ఈ మూడు ముక్కలు ఎందుకు, ఈ వరుసలో ఎందుకు" అన్నదానికి జవాబు చెప్పగలిగితే. చాలా కాగితాలు చెప్పలేవు.

పానిక్‌నే తీసుకోండి. కాస్త శ్వాస అభ్యాసం, కాస్త ఆలోచనల చర్చ, కాస్త ధ్యానం. వినడానికి నిండుగా ఉంటుంది. కానీ 2000లో పానిక్ చికిత్సను ముక్కలుగా విడదీసి పరీక్షించినప్పుడు శ్వాస అభ్యాసం కలపడం వల్ల అదనపు లాభం రాలేదు. పైగా దడ మొదలైన ప్రతిసారీ ఊపిరి లెక్కపెట్టే అలవాటు పడితే, "ఇది చేయకపోతే ఏదో అయిపోతాను" అన్న భయం లోపల అలాగే మిగిలిపోతుంది. మెల్లగా ఉండే ముక్కలన్నీ చేరి, కష్టంగా ఉండే ఒక్క ముక్కను బయటికి నెట్టేస్తాయి. కలగలుపులో ఎప్పుడూ జరిగేది ఇదే. క్లయింటూ హాయిగా ఉంటారు, థెరపిస్టూ హాయిగా ఉంటారు.

### సంబంధమే ప్రధానంగా

తక్కువగా చూడదగ్గ దారి కాదిది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 510 మందితో జరిగిన పరీక్షలో వ్యక్తి కేంద్రిత కౌన్సెలింగ్ ఆరు నెలల దగ్గర సీబీటీకి తీసిపోలేదు. ఏడాది దగ్గర మాత్రం సీబీటీ కొంత మెరుగ్గా నిలిచింది. ఆప్తుల్ని కోల్పోయినవారికి, విడాకుల తర్వాత వచ్చినవారికి, "ఎవరైనా వింటే చాలు" అనేవారికి ఇది సరిపోతుంది. చేతులు కడిగిన కొద్దీ కడగాలనిపించేవారికి మాత్రం ఎంత మంచి శ్రవణమైనా సరిపోదు.

## తెలుగులో చేసేటప్పుడు ఒక చిక్కు

మాన్యువల్ ఏదైనా ఇంగ్లీషులోంచి వస్తుంది. ఇంగ్లీషు ఆలోచననూ ఉద్వేగాన్నీ రెండు వేరు క్రియలతో చెబుతుంది. మనం రెంటికీ "అనిపించింది" అంటాం. "అప్పుడు మీకెలా అనిపించింది?" అని అడిగితే "నాకెవరూ లేరనిపించింది" అన్న జవాబు వస్తుంది. అది ఉద్వేగం గడిలో పడుతుంది, నిజానికి అది ఆలోచన. పట్టిక అక్కడే చెడిపోతుంది, క్లయింటుకు చేతకాలేదని మనం రాసుకుంటాం.

ప్రశ్న మార్చండి. ఆలోచన కోసం "ఆ నిమిషాన మనసులో మెదిలిన మాట ఏమిటి?" అనండి. ఉద్వేగం కోసం "ఒంట్లో ఎక్కడ తెలిసింది? బాధా, భయమా, కోపమా, సిగ్గా?" అని ఒక్కమాట జవాబు వచ్చేలా అడగండి. "టెన్షన్" అన్న మాట వచ్చినప్పుడల్లా విప్పించండి. అందులో భయం, కోపం, పని ఒత్తిడి మూడూ దాక్కుంటాయి, మూడింటికీ చికిత్స వేరు.

ఇంకొకటి. ప్రశ్నలతో క్లయింటు చేతనే జవాబు రాబట్టే సీబీటీ పద్ధతి మన దగ్గర కొందరికి "ఈవిడకే తెలియదు కాబోలు" అనిపిస్తుంది. "మీరే చెప్పండి మేడం" అని ఆగిపోతారు. ముందు కొంత సమాచారం మీరే ఇవ్వండి, తర్వాత రెండు మూడు దారులు చూపి ఎంచుకోమనండి. ఎంపిక వాళ్ళ చేతిలోనే ఉంటుంది, మీ పెద్దరికానికీ లోటు రాదు.

## ఏ దారైనా కొలవాలి

కొలత ఆరో దారి కాదు కాబట్టే పట్టికలో పెట్టలేదు. ఐదింటిలో ఏది ఎంచుకున్నా ప్రతి సెషన్ ముందు మూడు నిమిషాలు దీనికి పోవాలి. డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9, ఆందోళనకు జీఏడీ-7, రెండూ ఉచితం, తెలుగులో దొరుకుతాయి. మొదటిది 0 నుంచి 27 వరకు, రెండోది 0 నుంచి 21 వరకు. పీహెచ్‌క్యూలో ఐదు పాయింట్లు తగ్గితేనే మార్పుగా లెక్కించండి. ఒకటి రెండు పాయింట్ల తేడా ఆ రోజు బస్సులో సీటు దొరికిందా లేదా అన్నదాన్ని బట్టి కూడా వస్తుంది.

చదవలేనివారికి మీరే చదివి వినిపించండి. "గత రెండు వారాల్లో" అన్నది చాలామందికి పట్టుబడదు. "పోయిన రెండు సంతల నుంచీ" అనో "అమావాస్య నుంచి ఈ పున్నమి దాకా" అనో చెబితే జవాబులు కుదురుగా వస్తాయి. అత్తగారు గదిలో ఉండగా మాత్రం అడగకండి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి, ఆవిడ ఎదుట వచ్చే జవాబు ఎప్పుడూ సున్నానే. అక్కడ సున్నా కాకుండా ఏది వచ్చినా ఆ రోజు ఎజెండా అదే. ఇంట్లో పురుగుమందు ఉందా, ఎక్కడ ఉంది, తాళం ఎవరి దగ్గర అని పేరు పెట్టి అడగండి. టెలీ మానస్ 14416 నంబరు కాగితం మీద రాసివ్వండి, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడవచ్చు. అదే రోజు సైకియాట్రిస్టుకు చూపించే ఏర్పాటు చేయండి.

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

శిక్షణలో ఉన్నవారు మొదటి దారిలోనే నడవండి, సూపర్‌వైజర్ ఒప్పుకున్న మార్పులు మాత్రమే చేయండి. మీ ఊళ్ళో సూపర్‌వైజర్ దొరక్కపోతే, క్లయింటు అనుమతితో సెషన్ రికార్డు చేసి ఫోను మీదైనా చూపించుకోండి. చూసేవాళ్ళు లేని మాన్యువల్ మూడో నెలకే మీ సొంత వెర్షన్ అయిపోతుంది.

జిల్లా ఆసుపత్రి ఓపీలో ఉన్నవారికి పదహారు సెషన్ల మాట వదిలేయడం మంచిది. ఆరు నుంచి ఎనిమిది సెషన్ల యాక్టివేషన్ మీకు సరిపోయే కొలత, పైన చెప్పిన గోవా ఆధారం సరిగ్గా మీలాంటి చోటిదే. ఎనిమిదో సెషన్‌కూ స్కోరు తగ్గనివారిని మాత్రం అదే గీతలో ఇంకా లాగకండి.

సొంత క్లినిక్ నడిపేవారికి వచ్చే ఇబ్బంది వేరు. నచ్చే పనులు చేస్తే క్లయింటు మళ్ళీ వస్తారు, నచ్చని ఎక్స్‌పోజర్ (భయపడేదాన్ని ఎదుర్కొనే పని) చేస్తే మానేస్తారేమోనన్న బెదురు. ఆ బెదురుతోనే రెండో దారి మెల్లగా నాలుగోదిగా మారుతుంది. వారానికోసారి మీ కేసుల జాబితా తీసి, "ఈ వారం ఎవరితో కష్టమైన ముక్క చేశాను" అని గుర్తు పెట్టుకోండి. వరుసగా మూడు వారాలు ఖాళీగా ఉన్న పేరు దగ్గర ఆగండి.

ఆన్‌లైన్‌లో అమెరికాలోని తెలుగువారిని చూసేవారు రూపం గురించి ఆలోచించేముందు ఒకటి తేల్చుకోవాలి. అక్కడ లైసెన్సు నియమాలు సాధారణంగా క్లయింటు కూర్చున్న రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి, మీరు కూర్చున్న చోటును బట్టి కాదు. క్లయింటు చిరునామా, దగ్గరి మనిషి నంబరు మొదటి సెషన్‌లోనే తీసుకోండి. అక్కడ సంక్షోభ సహాయానికి 988. భాష విషయంలో కూడా ఊహించుకోవద్దు. కోపం, సిగ్గు తెలుగులో, ఆఫీసు గొడవ ఇంగ్లీషులో చెప్పేవారు ఎక్కువ. ఏ భాషలో పట్టిక నింపాలో వాళ్ళనే అడగండి.

## ఎప్పుడు మార్చాలి

నాలుగో సెషన్ దగ్గర ఒకసారి స్కోరు చూడండి. ఐదు కాకపోయినా మూడు నాలుగు పాయింట్లైనా తగ్గితే మారకుండా కొనసాగండి. ఏమీ కదలకపోతే పద్ధతి మార్చేముందు ఈ వరుసలో చూసుకోండి: పనిచేసే భాగం నిజంగా జరుగుతోందా, హోంవర్క్ ఎన్ని రోజులు జరిగింది, మన మధ్య ఏదైనా బెసికిందా, మందులు వేసుకుంటున్నారా, ఇంట్లో కొట్టడం లాంటిది ఏమైనా ఉందా. ఈ చివరిది అడగకుండా పోయిన కేసులే ఎక్కువ. హింస నడుస్తున్న ఇంట్లో యాక్టివేషన్ క్యాలెండర్ పనిచేయదు, ముందు భద్రత సంగతి చూడాలి.

స్కోరు మొదటి రోజు కన్నా ఐదు పాయింట్లు పెరిగితే నాలుగోది దాకా ఆగకండి, ఆ వారమే సూపర్‌వైజర్‌తో మాట్లాడండి.

ఎనిమిదో సెషన్‌కు కూడా ఐదు పాయింట్లు తగ్గకపోతే దారి మార్చండి, లేదా ఇంకొకరికి పంపండి. డిప్రెషన్‌లో యాక్టివేషన్ కదలకపోతే, అత్తాకోడళ్ళ మధ్య పాత్ర ఘర్షణలాంటిది ముందున్నప్పుడు ఇంటర్‌పర్సనల్ థెరపీ అర్థవంతమైన రెండో అడుగు. పంపేటప్పుడు ఉత్తరంలో "సీబీటీ చేశాం, ఫలితం లేదు" అని రాయకండి, అవతలివారికి దానివల్ల ఏమీ తెలియదు. ఎన్ని సెషన్లు ఎంత ఎడంతో జరిగాయి, పుస్తకంలోది ఏది మార్చారు, ఏది ఉంచారు, ప్రతి సెషన్ స్కోరు, క్లయింటు తన జబ్బును ఏ మాటతో పిలుస్తున్నారు, ఏ పని అడిగితే వెనక్కి తగ్గారు. అరపేజీ చాలు. ఆ కాగితం ఒక కాపీ క్లయింటు చేతిలో కూడా పెట్టండి.